గోడకెక్కిన పుస్తకం

మొన్న మంగళవారం పొద్దున్నే, ఇంకా కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే, మలికిపురం నుంచి మా మరిది కూతురు ఫోన్ చేసింది. నన్ను పెద్దమ్మా అని పిలిచే పిల్లల్లో నా మీద ధైర్యంగా విసుక్కోగలిగింది అదొక్కత్తే, మా మావగారు పెట్టిన కొబ్బరికాయల కొట్టుని ఇప్పుడు నడుపుతున్నదీ అదే. ఏ లారీలో ఎన్ని కాయలు ఏ ఊరు వెళ్ళాయో అన్నీ ఫోన్లోనే చూసుకుంటుంది. ఆ లెక్కల ప్రోగ్రాము ఎక్కడో ఉంటుందట, ఎవరు రాశారో తెలియదట, ఎలా వాడాలో చెప్పే పుస్తకమంటూ ఒకటి ఉండదట. సహాయం అన్న చోట వేలు పెడితే ఒక పేజీ తెరుచుకుంటుంది, అంతే. పాపం అది సోమవారం ఆ పేజీ చదివి, అందులో చెప్పినట్టే ఏదో నొక్కింది. మర్నాటికి ఓ లారీ లెక్క తారుమారైపోయింది. ఇదేమిటి చెప్మా అని మళ్ళీ ఆ పేజీ తెరిస్తే నిన్న ఉన్న మాట ఇవాళ లేదు, దాని చోట ఇంకేదో ఉంది. అడుగుదామంటే అవతల మనిషి లేడు, మనిషిలా జవాబులిచ్చే యంత్రం ఉంది. అది ఎంతో మర్యాదగా, మీరు చూడవలసిన పేజీ ఇదేనండీ అంటోందట. నేను నిన్న చదివింది కలగన్నానా పెద్దమ్మా, ఎవర్నడగను, అని ఏడుపు గొంతుతో అడిగింది పిల్ల.

తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఇలా జరుగుతుందని సుమారు ముప్ఫై ఏళ్ళ కిందటే దాని తాతగారు, అంటే మా మావగారు, అదే కొట్లో బల్ల మీద కూర్చుని చెప్పారు. ఆనాడు మేమందరం చాటున నవ్వుకున్నాం.

అసలు మా అత్తవారింట్లో అనుమానం అనేది ఆస్తితో పాటు వచ్చింది. మా మావగారు కొబ్బరికాయ కొనేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసేవారు, అది వ్యాపారం, బాగానే ఉంది. కానీ మనుషుల్ని కూడా అలాగే ఆడించి చూసేవారు. పక్కింటాయన ఊరికే నవ్వితే వీడికి నాతో ఏం పనుందోననుకునేవారు, నవ్వకపోతే నా గురించి ఎవరేం చెప్పారోననుకునేవారు. మా అత్తగారు పోపులపెట్టె మూత మీద తన గుర్తు తాను పెట్టుకునేది. మా మరిదికి తాను రాసిన కంప్యూటర్ ప్రోగ్రాము ఎవరైనా ఎత్తుకుపోతారని అనుమానం. మావారు అమలాపురం కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి, ఇంట్లో ఏ గొడవొచ్చినా గోడ మీద పిల్లి వాటంగా ఉండేవారు, ఎందుకంటే ఎవరి పక్షం మాట్లాడితే ఎవరికి అనుమానమొస్తుందోనని ఆయన అనుమానం. వీళ్ళందరిదీ అనుమానమే సుమండీ, నాది మాత్రం జాగ్రత్త.

వీళ్ళందరి అనుమానాల్లోకీ పెద్దది నా పుట్టింటి మీద ఉండేది. మాది రాజోలు. మా అన్నయ్యకి అక్కడ అచ్చుయంత్రం ఉండేది, పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, ఏడాది చివర కొట్లవాళ్ళకి క్యాలెండర్లు, ఇవీ అతని పని. పెళ్ళికాక ముందు నేను టైపు నేర్చుకుంటూ సాయంత్రాలు అక్కడే కూర్చుని ప్రూఫులు దిద్దేదాన్ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చడం, సిరా వాసన, తడి ఆరని కాగితాలు దండెం మీద ఆరబెట్టడం, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అన్నీ కనిపిస్తాయి. నా శుభలేఖ కూడా అన్నయ్యే ఎంతో ముచ్చటపడి పేర్చుకున్నాడు. మా మావగారి పేరు, ఇంటిపేరుతో కలిపి, చాలా పొడుగు. అనుకున్న సైజు అక్షరాల్లో అది ఒక్క వరసలో పట్టలేదు. దాంతో అన్నయ్య ఒక సైజు తగ్గించి వేశాడు. మా నాన్న పేరు పొట్టిది, అది పెద్ద అక్షరాల్లోనే ఉండిపోయింది. ఇంకేముంది, మగపెళ్ళివారి పేరు కావాలనే చిన్నది చేశారని మా మావగారి మనసులో పడిపోయింది. ఆయన తిట్టలేదు, పెట్టలేదు, పెళ్ళి సవ్యంగా జరిపించుకుని వెళ్ళారు, అంతే, మళ్ళీ మా పుట్టింటి గడప తొక్కలేదు. మలికిపురానికీ రాజోలుకీ దూరమెంత గనక! ఏ పనిమీదో మా వీధిలోంచే వెళ్ళేవారు, మా అమ్మ అరుగు మీద నుంచి లేచి నిలబడేది, ఆయన గొడుగు అటు వంచుకుని వెళ్ళిపోయేవారు. ఇది నాకు ఎంత కష్టంగా ఉండేదో ఆడపిల్లలుగా పుట్టి ఇంకో ఇంటికి వెళ్ళినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఇలా ఉండగా మా మరిది అమలాపురంలో ఓ బట్టల కొట్టు మేడమీద కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. నా ఈడు వాళ్ళకి జ్ఞాపకముండే ఉంటుంది, గుమ్మం బయట చెప్పులు విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళం ఆ గదిలోకి. నల్లటి తెర, మీద ఆకుపచ్చ అక్షరాలు, పలచటి ఫ్లాపీలు. నాకు టైపు వచ్చు కనుక నన్నూ రమ్మన్నాడు. పిల్లలకి నేర్పుతూనే ఖాళీ దొరికినప్పుడల్లా కొబ్బరి వ్యాపారులకి పనికొచ్చే లెక్కల ప్రోగ్రాము ఒకటి రాశాడు మరిది. రైతు చెట్ల మీంచి దింపు తీయించి కాయ తెచ్చి వేసిన దగ్గర్నుంచి ఆ కాయ లారీ ఎక్కేదాకా అన్నీ అందులో ఉండేవి. ముందు మా మావగారి కొట్లో పెడదాం, ఆయన ఒప్పుకుంటే ఆ చుట్టుపక్కల వ్యాపారులందరూ ఒప్పుకున్నట్టే అనుకున్నాం. ఆయన్ని ఒప్పించిన మొనగాడు లేడని ఊరంతటికీ తెలుసు.

ప్రోగ్రాము బాగానే పనిచేసింది. చిక్కల్లా దాన్ని ఎలా వాడాలో చెప్పే రాత ఏ రూపంలో ఇవ్వాలన్న దగ్గర వచ్చింది. మరిది చదువుకున్నవాడు, అదంతా కంప్యూటరు మిషన్లోనే పెట్టేశాడు. ఎఫ్ ఒన్ అనే మీట నొక్కితే చాలు, ఏ పని దగ్గరుంటే ఆ పని గురించి తెర మీదే వచ్చేస్తుంది, తెలుగు మాటలే, కాకపోతే ఇంగ్లీషు అక్షరాల్లో. మాకందరికీ అద్భుతంగా తోచింది. మా మావగారు కళ్ళజోడు సవరించుకుని రెండు మూడు సార్లు నొక్కించి చూసి అన్నారు, "అబ్బాయ్, మిషన్లో ఉన్న మాట మిషన్ రాసినోడు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చెయ్యొచ్చు గదరా. రేపు పని చెడిందనుకో, రాత్రికి రాత్రి మాట మార్చేసి, నేను ముందే చెప్పేను నాన్నగారూ, మీరే చూసుకోలేదు అంటావు. అప్పుడు నేనెవర్నడగాలి?" కన్నకొడుకుని పట్టుకుని అన్న మాట అది! మరిది మొహం ఎర్రగా కందిపోయింది. మేం చాటున నవ్వుకున్నామన్నది ఇందాకా చెప్పానే, అది ఈ మాటకే.

సరే, మిషన్లో వద్దంటే ఫ్లాపీలో ఇద్దామన్నాడు మరిది. తెలుగు అక్షరాలు చూపించే ప్రోగ్రాము ఒకటి మా సెంటర్లో ఉండేది, దాని మీద నేను చక్కటి తెలుగులో అంతా కొట్టిపెట్టాను. ఫ్లాపీ పట్టుకుని మలికిపురం వెళ్ళి కొట్లో మిషన్లో పెట్టి తెరిస్తే, ఆ మిషన్లో మా తెలుగు ప్రోగ్రాము లేదు కదా, తెరనిండా గీతలూ కొక్కేలూ త్రిశూలాలూ తప్ప ఒక్క అక్షరం లేదు. మా మావగారు చటుక్కున లేచి నిలబడి, గుమస్తాగారినీ పక్క కొట్టు ఆయన్నీ సాక్ష్యానికి పిలిచారు. "చూసేరాండీ, ఇవేం రాతలో చూసేరా? నా కొట్లో చేతబడి పెట్టిస్తున్నారండీ" అని ఆయన కేకలు. ఏదో రహస్యం దాచి ఉంచి, అడిగితే తెలుగు అంటున్నామని ఆయన అనుమానం. ఆ మర్నాడు మిషన్ మీద నిమ్మకాయ కనిపించింది. మా అత్తగారు పెట్టించింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. ఇంత గొడవెందుకు, పుస్తకం వేయిద్దాం, తెలుగులో, పెద్దక్షరాల్లో, కాగితం మీద పడ్డ మాట ఎవరూ మార్చలేరు కదా అన్నాను. అన్నానో లేదో, మా మరిది సరదాకే, వదినకేం, అన్నగారి ప్రెస్సుంది అనేశాడు. మా మావగారు నన్ను కొబ్బరికాయని చూసినట్టు చూశారు. కాదండీ, నేనలా అనలేదండీ అంటే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టవుతుంది, ఊరుకుంటే ఒప్పుకున్నట్టవుతుంది. కళ్ళనీళ్ళు వస్తున్నాయి, అవీ రానివ్వకూడదు. పుస్తకం మంచిదే అన్నారు ఆయన చివరికి, కానీ అమలాపురంలో తానెరిగిన ప్రెస్సులో తానే దగ్గరుండి వేయిస్తానన్నారు.

అలాగే వేయించారు. రాజోలులో మా అన్నయ్యకి ఈ సంగతి ఎవరో చెప్పనే చెప్పారు, చెల్లెలు రాసిన మొదటి పుస్తకం వేరే చోట అచ్చయిందని. ఏటా ఆషాఢంలో నాకు చీర పట్టుకుని తానే వచ్చేవాడు, ఆ ఏడు మాత్రం వదిన చేత పంపించాడు. నా అత్తవారి అనుమానం అలా రెండు ఇళ్ళ మధ్యా నన్ను నిలబెట్టేసింది, ముందు నుయ్యి వెనక గొయ్యి. అటు నన్ను పుట్టింటికి దోచిపెట్టే మనిషన్నారు, ఇటు పుట్టింటిని కాదనుకున్న మనిషయ్యాను.

పుస్తకాలు వచ్చాక మా మావగారు వాటిని బుట్టలో పెట్టుకుని ఐనవిల్లి వెళ్ళి, సిద్ధివినాయకుడి పాదాల దగ్గర పెట్టించి, ప్రతి పుస్తకానికీ పసుపు కుంకుమ బొట్లు పెట్టించి తెచ్చారు. పరీక్షల ముందు పిల్లలు కలాలు పెట్టించుకునే చోటే కదా, చదువుకి సంబంధించిందేదైనా అక్కడికి వెళ్ళాలని మావాళ్ళ నమ్మకం, నాదీ అదే. ఆయన కొట్లో మిషన్ కుదురుకున్నాక మరికొందరు వ్యాపారులు కూడా కంప్యూటర్లు కొని మా ప్రోగ్రాము పెట్టించుకున్నారు, తలా ఒక పుస్తకం తీసుకున్నారు. మేం హమ్మయ్య అనుకున్నాం. ఇల్లలకగానే పండగ కాదని మాకేం తెలుసు!

జరిగిందేమిటంటే, ఆ పుస్తకాన్ని ప్రతి కొట్టు యజమానీ తీసుకెళ్ళి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. స్వామి పాదాల దగ్గర పెట్టిన పుస్తకం, పసుపు బొట్టున్న పుస్తకం, చుట్ట కాల్చిన చేత్తో గుమస్తా ముట్టుకోవడమేమిటి? అది పైకి చెప్పే కారణం. లోపలి కారణం ఏమిటంటే, ఆ పుస్తకం చదివినవాడికి లెక్కలన్నీ ఎలా తెరవాలో తెలిసిపోతుంది, రేపు ఆ గుమస్తా ఎదుటి కొట్లో చేరితే? పోనీ ఈయన చదువుతాడా అంటే, ఈయన మిషన్ ముట్టుకోడు. మిషన్ ముట్టుకునేవాడికి పుస్తకం లేదు, పుస్తకం ఉన్నవాడికి మిషన్ పనిలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు అయింది మా పుస్తకం సంగతి. మాకు ఈ భాగోతం ఏమీ తెలియదు, అందరూ చక్కగా చదువుకుంటున్నారనుకుంటున్నాం.

ఉగాది వచ్చింది. వ్యాపారస్తులు ఆ రోజు కొత్త లెక్క తెరవడం ఆచారం, తాతల నాటి నుంచీ ఉన్నదే. మా ప్రోగ్రాములో పాత లెక్క మూసి కొత్తది తెరిచే పని ఒకటి ఉంది. కానీ అది చేసే ముందు పాతదంతా ఫ్లాపీ మీదికి ఎక్కించుకోవాలి, లేకపోతే పాతది తుడిచిపెట్టుకుపోతుంది. పైగా లారీలన్నిటి లెక్కలూ తేలాక చేయవలసిన పని అది. మా మావగారి కొట్లో గుమస్తాగారు, పాపం నమ్మకస్తుడు, ఉగాదినాడు తలంటు పోసుకుని, కొత్త పంచె కట్టుకుని, మిషన్‌కి కర్పూర హారతి ఇచ్చి, మంచి ఘడియ చూసి ఆ పని కాస్తా కానిచ్చేశాడు. ఉగాది పచ్చడి కూడా ఓ చుక్క మిషన్ ముందు పెట్టాడట. ఆ సీజనులో రైతులు వేసిన కాయ, కదిలిన లారీలు, ఇంకా దారిలో ఉన్న లారీలు, అన్నీ ఒక్క మీటతో మాయమైపోయాయి.

మర్నాడు మా మరిదీ నేనూ బస్సు దిగేసరికి కొట్టు ముందు జాతరలా ఉంది. మా మావగారికి గుమస్తాగారి మీద అనుమానం, ఎదుటి వ్యాపారికి లెక్కలు అందించి ఇక్కడ తుడిచేశాడని. తక్కిన వ్యాపారులకి మా మరిది మీద అనుమానం, అందరి లెక్కలూ మేడమీద కూర్చుని లాగేస్తున్నాడని. మా మరిదికి నా మీద అనుమానం, ఆ జాగ్రత్త పుస్తకంలో రాశానో లేదోనని. నేను మాత్రం నన్ను తప్ప అందర్నీ అనుమానించాను. గుమస్తాగారు స్తంభానికి ఆనుకుని, "ఆయ్, ఉగాది కదాండీ, కొత్త లెక్క తెరవద్దాండీ, ఏటేటా చేసేదే కదాండీ" అని వచ్చిన ప్రతివాళ్ళకీ అదే మాట చెప్తున్నాడు. వినేవాడు లేడు.

అప్పుడు మరిది నా వైపు తిరిగి, అంతమందిలోనూ, "వదినా, ఫ్లాపీ ఎక్కించాకే మూయాలన్న మాట నిజంగా రాసేవా?" అని అడిగాడు. రాశానన్నాను. పుస్తకమేదీ అంటే ఇనప్పెట్టెలో ఉందన్నారు మా మావగారు. తియ్యండన్నాను. అందులో ఆ మాట లేకపోతే ఇక నాకు ఆ ఇంట్లో నీళ్ళు పుట్టవని నాకు తెలుసు. పుట్టింటి గొడవ అప్పటికే మెడకి చుట్టుకుని ఉంది, దీంతో పూర్తయిపోతుంది. రాశానని నాకు నిక్కచ్చిగా తెలుసు. కానీ ప్రెస్సువాడు ఆ వరస ఎగరగొట్టి ఉంటే? ప్రూఫులు నాకు చూపించలేదాయె.

మా మావగారు మొలతాడు నుంచి తాళంచెవి తీశారు. తీసి, ఆగిపోయారు. ఆగి, గోడ దగ్గరికి నడిచి, అక్కడ వేలాడుతున్న క్యాలెండర్ ముందు నిలబడి వేలు పెట్టి చూసుకున్నారు. దుర్ముహూర్తం నడుస్తోందట. ఇనప్పెట్టె ఇప్పుడు తెరవకూడదన్నారు. ఇక చూడండి మా అవస్థ! కొంపలంటుకుంటున్నాయి, దొంగలెవరో దొరలెవరో ఆ పెట్టెలో ఉంది, అందరం నోరు మూసుకుని దుర్ముహూర్తం దాటడం కోసం కాచుకుని నిలబడ్డాం. ఒక వ్యాపారి లేచి వెళ్ళి, మా మావగారు సరిగ్గా చూశారో లేదోనన్న అనుమానంతో, తానూ క్యాలెండర్ చూసి వచ్చాడు. ఇంకొకాయన వెళ్ళి చూశాడు. గుమస్తాగారు కన్నీళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి చూసి, ఇంకా ఉందండీ అన్నాడు. లారీ డ్రైవరు, కాయ వలిచే మనిషి, పాలు పోయడానికి వచ్చినావిడ, అందరూ వెళ్ళి చూసినవాళ్ళే. నేనలా చూస్తూనే ఉన్నాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మనం ఎఫ్ ఒన్ అన్నాం, ఫ్లాపీ అన్నాం, పుస్తకమన్నాం కానీ, ఈ కొట్లో అందరూ చదివేది, ఎవరూ తాళం వేయనిది, ఎవరూ చాటుగా మార్చలేనిది ఒకటి ఆ మేకుకే వేలాడుతోంది కదా అనిపించింది. ఆ గండంలో నాకు అంత తెలివెలా వచ్చిందో నాకే తెలియదు.

ఘడియ దాటింది, పెట్టె తెరిచారు. పుస్తకం తీస్తే పసుపు బొట్టు చెక్కుచెదరకుండా ఉంది, కొత్త కాగితాలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. నేను పేజీ చెప్పాను. మా మావగారు తిప్పారు. చదివారు. చదివి ఊరుకున్నారా? లేదు. పుస్తకం వెనక్కి తిప్పి, కుట్టు దారం లాగి చూసి, ఈ పేజీ కొత్తగా ఇరికించింది కాదు కదా అని వెలుతురుకి ఎత్తి పట్టి చూశారు. అప్పుడు ఆయన తలెత్తి, అందరి వైపూ కాదు, తిన్నగా నా మొహంలోకి చూసి, "ఉంది" అన్నారు. ఆ ఒక్క మాటే. నేను వెనక కాయలు వలిచే షెడ్డులోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.

పోయిన లెక్కలు మళ్ళీ పుట్టించడం పెద్ద యజ్ఞమైంది. మా మావగారే బల్ల మీద కూర్చుని, వచ్చిన ప్రతి రైతునీ, మీరెన్ని కాయలు వేసేరండీ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాయించారు. జన్మలో ఎదుటివాడి మాట నమ్మని మనిషికి అంతకంటే ప్రాయశ్చిత్తం ఏముంటుంది! ఎవరూ పెద్దగా అబద్ధమాడలేదట, ఆ సంగతే ఆయనకి కొన్నాళ్ళపాటు మింగుడు పడలేదు, ఇందులో ఏదో ఉందనేవారు. గుమస్తాగారు మళ్ళీ తన కుర్చీలోకి వచ్చాడు.

పుస్తకంలో మాటలన్నీ క్యాలెండర్ మీదే వేయిద్దామని నేను మావారి చేత చెప్పించాను. మా మావగారు విని ఏమీ అనలేదు. అనరని నాకు తెలుసు. ఆ ప్రాంతంలో క్యాలెండర్లంటే మా అన్నయ్యే, మళ్ళీ నేను పుట్టింటి దారే వెతికానని అనుకుంటున్నారని నాకు అనుమానం. వేసవి పోయింది, వానలు పోయాయి. దీపావళి వెళ్ళిన వారానికి ఓ పొద్దున్న ఆయన గొడుగు పట్టుకుని అమలాపురంలో మా గుమ్మంలో దిగారు. "రాజోలు వెళ్దాం పదమ్మాయ్. నా కళ్ళముందే వెయ్యాలి" అన్నారు. ఇంకా అనుమానమేనన్న మాట అనుకుని, నేను రాసిపెట్టుకున్న కాగితాలు సంచిలో వేసుకుని ఆయన వెనకాలే బస్సెక్కాను.

ఆయన ప్రెస్సు గడపలో కాలు పెట్టేసరికి మా అన్నయ్య సిరా చేతులతో అలాగే నిలబడిపోయాడు. నేను కాగితాలిచ్చాను. ఏ నెల పేజీ కింద ఆ నెలకి కావలసిన మాట: వానలప్పుడు కరెంటు పోతే ఏం చెయ్యాలో వానాకాలం పేజీలో, లెక్క మూసే సంగతి ఉగాది వచ్చే పేజీలో, రోజూ సాయంత్రం చేయవలసింది అన్ని పేజీల్లోనూ. అన్నయ్య అక్షరాలు పేర్చుకుని ఓ ప్రూఫు తీసి, మా మావగారి చేతిలో పెట్టాడు. చూద్దును కదా, పైన మా మావగారి పేరూ కొట్టు పేరూ ప్రెస్సులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద అక్షరాల్లో, ఈ చివర నుంచి ఆ చివరికి! శుభలేఖ నాటి బాకీ తీర్చేసుకున్నాడు మా అన్నయ్య. మా మావగారు ఆ కాగితాన్ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. ఏ వంక పెడతారోనని నేను ఆయన మొహమే చూస్తున్నాను.

"పేరు చిన్నది చెయ్యండి బాబూ" అన్నారు ఆయన. "ఉగాది మాట పెద్దది చెయ్యండి. మా గుమస్తాగారికి కళ్ళు సరిగ్గా ఆనవు." అన్నయ్య బిత్తరపోయి నా వైపు చూశాడు. పేరు తగ్గిస్తే బాగుండదేమోనండీ అని నసిగాడు. మా మావగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆయ్, తగ్గించమనే అంటున్నాను. తగ్గించడం మీకు కొత్తేం కాదు కదండీ" అన్నారు. ముందు నాకు నవ్వొచ్చింది, తర్వాత అన్నయ్యకి, ఆఖరికి ఆ మహానుభావుడికి కూడా వచ్చింది. లోపల్నుంచి మా అమ్మ తొంగి చూస్తోంది. ఆ మధ్యాహ్నం ఆయన మా ఇంట్లో పీట మీద కూర్చుని పనసపొట్టు కూర మారు వడ్డించుకున్నారు. తిని, మళ్ళీ వెళ్ళి యంత్రం పక్కనే కుర్చీ వేయించుకుని, సాయంత్రం దాకా ఒక్కొక్క కాగితమూ అనుమానంగా చూస్తూ కూర్చున్నారనుకోండి, అది వేరే సంగతి. అన్నయ్య ఆ మర్నాడు చీర పట్టుకుని తానే వచ్చాడు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు మలికిపురం, అల్లవరం వైపు కొట్లలో మా క్యాలెండర్ వేలాడింది. ఏ ఏటికి ఆ ఏడు కొత్తది వచ్చేది కనుక, ప్రోగ్రాములో మార్పులుంటే అందులోనే వేసేవాళ్ళం, పాతది ఎవరూ అడగకుండానే దిగిపోయేది. మా మరిది ఇంకా గొప్ప ఎఫ్ ఒన్‌లు చాలా రాశాడు, అవి ఎవరు నొక్కారో నాకు తెలియదు. ఇప్పుడు మా మావగారూ లేరు, అన్నయ్యా లేడు. ప్రెస్సు ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది.

పిల్ల బాధ చూడలేక బుధవారం నేనే మలికిపురం వెళ్ళాను. ఆ మేకు ఇంకా గోడకి ఉంది, ఎరువుల కొట్టు క్యాలెండర్ ఏదో వేలాడుతోంది దానికి. లెక్క మాత్రం ఇంకా తేలలేదు. నేను జన్మంతా అనుమానాల మధ్య బతికినదాన్ని, నన్ను అనుమానించారు, నేనూ అనుమానించాను, కానీ ప్రతి అనుమానానికీ ఒక మొహం ఉండేది. కొడుకైతే కొడుకు, కోడలైతే కోడలు, ఎదురుగా నిలబెట్టి అడిగేవారు, పేజీ తిప్పి, దారం లాగి, వెలుతురుకి పెట్టి చూసి, చివరికి ఆ మొహంలోకే చూసి ఉందనో లేదనో అనేవారు. ఈ పిల్ల చూడ్డానికి దారమూ లేదు, కాగితమూ లేదు, అవతల మొహమూ లేదు. పోట్లాడదామంటే మర్యాద తప్ప ఏమీ లేదక్కడ.

అందుకని మా ఇద్దరికీ తోచిన ఉపాయం ఒకటే. పిల్ల ఆ సహాయం పేజీ చదివిన ప్రతిసారీ ఫోటో తీసి నాకు పంపిస్తుంది, పెద్దమ్మా, ఇవాళ ఈ మాట ఉంది, చూశావు కదా అని. నాకు ఆ ప్రోగ్రామూ తెలియదు, సగం మాటలు అర్థమూ కావు. అయినా కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివి, ఉంది అని జవాబు రాస్తాను. నా తర్వాత దానికి ఆ మాట ఎవరు రాస్తారో తెలియదు.